వైరస్ వేరియంట్లలో అసలైన జన్యు ప్యాటర్న్ పట్టుకోవడం ఎలా: ఎన్440కె ఉదాహరణగా

2021 మే నెలలో "ఏపీ స్ట్రెయిన్" అనే మాట టీవీల్లోనూ వాట్సాప్‌లోనూ మోగిపోయింది. కర్నూలులో బయటపడిన ఎన్440కె అనే మ్యుటేషన్ (జన్యుక్రమంలో మార్పు) ఉన్న కరోనా వైరస్ మిగతావాటికంటే 15 రెట్లు ప్రమాదకరమని ప్రచారం జరిగింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చేవాళ్లకు క్వారంటైన్ తప్పనిసరి చేస్తూ ఢిల్లీ ప్రభుత్వం ఉత్తర్వు కూడా ఇచ్చింది. సరిగ్గా అదే సమయంలో హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు వేరే మాట చెబుతున్నారు: ఆ మ్యుటేషన్ ఉన్న వైరస్ తగ్గిపోతోంది, దాని చోటును బి.1.617 రకం (డెల్టా ఈ కుటుంబానిదే) ఆక్రమిస్తోంది అని. వాళ్లు అంత ధైర్యంగా చెప్పగలిగింది జన్యుక్రమాల డేటా చూసి.

అలాంటి లెక్క ఇవాళ మీరు కూడా మీ ల్యాప్‌టాప్‌లో వేసుకోవచ్చు. బయోటెక్ చదువుతున్నవాళ్లకూ, సాఫ్ట్‌వేర్‌లో ఉండి ఈ రంగం మీద ఆసక్తి ఉన్నవాళ్లకూ పనికొచ్చేలా మొదటి నుంచి చివరి దాకా దారి చెబుతాను. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, ఎక్సెల్ చాలు మొదలుపెట్టడానికి. తర్వాత కొంచెం పైథాన్ వస్తే పని తేలికవుతుంది. వాడుకునే ఉదాహరణ ఎన్440కె.

1. ముందు ప్రశ్న సరిగ్గా రాసుకోండి

"ఈ డేటాలో ఏ మ్యుటేషన్ ఎక్కువగా ఉంది?" అని మొదలుపెడితే దారి తప్పినట్టే. ఒక ఊళ్లో మూడొందల మందికి ఒకే ఇంటిపేరు ఉందంటే మూడొందల కుటుంబాలు వేర్వేరు చోట్ల నుంచి వచ్చి ఒకే పేరు పెట్టుకున్నాయని కాదు కదా. ఎప్పుడో ఒక్కరు వచ్చి స్థిరపడ్డారు, సంతానం పెరిగింది. వైరస్‌లోనూ అంతే. ఒక మ్యుటేషన్ వెయ్యి శాంపిళ్లలో కనిపించినా, అది పుట్టింది ఒక్కసారే కావచ్చు. ఆ వెయ్యి, వెయ్యి వేర్వేరు రుజువులు కావు. ఒక్క సంఘటనకు వెయ్యి కాపీలు, అంతే.

అందుకని మీ నోట్‌బుక్‌లో ఈ మూడు ప్రశ్నలు రాసుకోండి. ఈ మ్యుటేషన్ వంశవృక్షంలో ఎన్నిచోట్ల విడివిడిగా పుట్టింది? పుట్టిన తర్వాత ఆ కొమ్మ పక్క కొమ్మలకంటే వేగంగా పెరిగిందా? కనిపిస్తున్న తేడా నిజంగా వైరస్‌దేనా, లేక శాంపిళ్లు తీసిన పద్ధతిదో సీక్వెన్సింగ్ మెషీన్‌దో? మొదటి రెండూ ఆసక్తిగా ఉంటాయి. కానీ ఎక్కువ టైమ్ పట్టేది మూడోదానికే, పట్టాలి కూడా.

2. డేటా తెచ్చుకోవడం

ఎవరైనా లాగిన్ లేకుండా వాడుకోగలిగింది ఎన్‌సీబీఐ వైరస్ పోర్టల్. టాక్సానమీ నంబర్ 2697049 ఇస్తే కోవిడ్ వైరస్ జన్యుక్రమాలు వస్తాయి. ఫిల్టర్లలో దేశం ఇండియా, హోస్ట్ మనిషి, పూర్తి జీనోమ్, సేకరణ తేదీ 2020 జూన్ నుంచి 2021 జూన్ వరకు పెట్టండి. జన్యుక్రమాల ఫాస్టా ఫైల్ (జన్యు అక్షరాలు వరుసగా ఉండే టెక్స్ట్ ఫైల్) ఒకటి, వివరాల సీఎస్వీ ఒకటి విడిగా దించుకోండి.

ఇంకా ఎక్కువ డేటా కావాలంటే జీఐఎస్ఏఐడీ అనే అంతర్జాతీయ డేటాబేస్ ఉంది. అక్కడ రిజిస్టర్ చేసుకుని, ఒప్పందం మీద సంతకం పెట్టాలి. అక్కడి జన్యుక్రమాలను మీరు మళ్లీ బహిరంగంగా పంచకూడదు, డేటా ఇచ్చిన ల్యాబులను తప్పకుండా పేర్కొనాలి. ఇది మర్యాద కోసం పెట్టిన నిబంధన అనుకోకండి. ఒక శాంపిల్ మీ స్క్రీన్ మీదికి రావడం వెనుక స్వాబ్ తీసిన టెక్నీషియన్ నుంచి సీక్వెన్స్ చేసిన విద్యార్థి వరకు ఎంతోమంది కష్టం ఉంది. మన దేశంలో ఈ పని కోసం 2020 డిసెంబరులో ఇన్సాకాగ్ అనే ల్యాబుల కూటమి ఏర్పడింది. మొదట చేరిన పది ల్యాబుల్లో రెండు హైదరాబాద్‌వే: సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ.

వివరాల ఫైల్ తెరవగానే రెండు తేదీలు కనిపిస్తాయి. ఒకటి శాంపిల్ సేకరించిన తేదీ, రెండోది డేటాబేస్‌లో పెట్టిన తేదీ. మీకు కావాల్సింది సేకరణ తేదీ మాత్రమే. రెండింటి మధ్య నెలల తేడా ఉండొచ్చు. "2021" అని సంవత్సరం మాత్రమే ఉన్న వరుసలను కాలంతో ముడిపడిన లెక్కల్లో కలపకండి.

ఇప్పుడు రాష్ట్రాలవారీగా, నెలలవారీగా ఒక పివట్ టేబుల్ వేయండి. ఒక నెలలో ఒక రాష్ట్రం నుంచి మూడొందలు, పక్క రాష్ట్రం నుంచి నాలుగు ఉంటాయి. సీక్వెన్సింగ్ ల్యాబ్ దగ్గర్లో ఉన్న చోటు నుంచి ఎక్కువ శాంపిళ్లు రావడం, విమానాశ్రయంలో దిగినవాళ్లవి మాత్రమే చేయడం, ఒకే హాస్టల్‌లో వచ్చిన కేసులన్నీ చేయడం లాంటి కారణాలు చాలా ఉంటాయి. ఒక మ్యుటేషన్ "ఆంధ్రాలో ఎక్కువ" అని కనిపిస్తే, ముందు ఆంధ్రా శాంపిళ్లే ఎక్కువ ఉన్నాయేమో చూడాలి. దీనికి మందు సమంగా తగ్గించుకోవడం: ప్రతి రాష్ట్రం నుంచి నెలకు గరిష్ఠంగా 50 చొప్పున యాదృచ్ఛికంగా ఎంచుకోండి. నెక్స్ట్‌స్ట్రెయిన్ అనే వైరస్ విశ్లేషణ ప్రాజెక్టు వాళ్ల ఆగర్ టూల్‌లోని ఫిల్టర్ కమాండ్ ఈ పని చేసిపెడుతుంది. పైథాన్‌లో పాండాస్‌తో అయినా నాలుగైదు లైన్ల పని.

3. చెత్త ఏరివేయడం

ఇక్కడ ఆలస్యమైనా ఫర్వాలేదు, నిదానంగా చేయండి. బ్రౌజర్‌లో జన్యుక్రమాలను పోల్చే నెక్స్ట్‌క్లేడ్ టూల్ తెరిచి, సార్స్-కోవ్-2 (కోవిడ్ వైరస్)కు వుహాన్-హు-1 రిఫరెన్స్ (పోలికకు ఆధారంగా వాడే తొలి వుహాన్ జన్యుక్రమం) ఉన్న డేటాసెట్ ఎంచుకోండి. వేరే రిఫరెన్స్‌లతో ఉన్న డేటాసెట్లు కూడా అక్కడే ఉంటాయి. అవి ఎంచుకుంటే మ్యుటేషన్ల జాబితా పూర్తిగా మారిపోతుంది, జాగ్రత్త. ఫాస్టా ఫైల్‌ను పేజీ మీదికి లాగి వదిలితే చాలు. లెక్కంతా మీ కంప్యూటర్‌లోనే జరుగుతుంది, డేటా బయటికి పోదు. ఒక్కో విడతకు ఐదొందల నుంచి వెయ్యి వరకు పెట్టుకుంటే బ్రౌజర్ తట్టుకుంటుంది.

వుహాన్-హు-1 రిఫరెన్స్ పొడవు 29,903 అక్షరాలు. మీ ప్రతి జన్యుక్రమాన్నీ దాని పక్కన పేర్చి, ఎక్కడెక్కడ తేడా ఉందో నెక్స్ట్‌క్లేడ్ చెబుతుంది. దాంతోపాటు నాణ్యత రంగు కూడా ఇస్తుంది. చదవలేకపోయిన చోట్ల "ఎన్" అక్షరం ఉంటుంది. అవి 3,000 దాటితే ఆ జన్యుక్రమం తీసేయండి. ఒకే చోట రెండు అక్షరాలు కలిసి కనిపించే మిశ్రమ స్థానాలు పదికి మించితే రెండు వైరస్‌లు కలిసిపోయాయనో, శాంపిల్ కలుషితమైందనో అనుమానించాలి. దగ్గర బంధువుల్లో ఎవరికీ లేని కొత్త మ్యుటేషన్లు ఒక చిన్న ముక్కలో గుంపుగా ఉన్నా అనుమానమే. అన్నిటికంటే మోసం చేసేది వెనక్కి మళ్లడం. డెల్టా వంశంలో ఉండాల్సిన ఐదారు మ్యుటేషన్లు ఒక శాంపిల్‌లో మళ్లీ వుహాన్ అక్షరాలుగా కనిపిస్తే, వైరస్ పాత రూపానికి వెళ్లిపోయిందని అనుకోకండి. చదవలేని చోట సాఫ్ట్‌వేర్ రిఫరెన్స్ అక్షరం పూరించేసి ఉంటుంది.

మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రోటీన్ తయారీని ఆపే మూడక్షరాల సంకేతం) కనిపించిన ప్రతిదీ తప్పు కాదు. ఆల్ఫా వేరియంట్‌లో ఓఆర్ఎఫ్8 జన్యువు 27వ స్థానంలో నిజంగానే ఆగిపోతుంది. కాబట్టి యంత్రం ఎర్ర రంగు వేసిందని కళ్లు మూసుకుని తీసేయకుండా, అదే తేడా వేర్వేరు ల్యాబుల శాంపిళ్లలో ఉందా అని చూడండి.

జీనోమ్ రెండు చివర్లలో తప్పులు ఎక్కువ. 1 నుంచి 55 వరకు, 29,804 నుంచి చివరి వరకు ఉన్న స్థానాలను కప్పేసి లెక్కలోంచి తీసేయడం ఆనవాయితీ.

ఇక ఒక్క విషయాన్ని దగ్గరగా చూద్దాం, ఎందుకంటే దీని వల్ల లేని ప్యాటర్న్ ఉన్నట్టు కనిపించిన సందర్భాలు చాలా ఉన్నాయి. డెల్టాలో స్పైక్ (వైరస్ మన కణానికి అతుక్కునే ముళ్ల ప్రోటీన్) 142వ అమైనో ఆమ్లం జి (గ్లైసిన్) నుంచి డి (ఆస్పార్టిక్ ఆమ్లం) అయింది. జీనోమ్‌లో అది 21,987వ అక్షరం. మీ డేటాలో డెల్టా శాంపిళ్లు తీసుకుని చూస్తే కొన్నింటిలో ఈ మార్పు ఉంటుంది, కొన్నింటిలో ఉండదు, వంశవృక్షం నిండా పుడుతూ పోతూ ఉన్నట్టు కనిపిస్తుంది. చూడగానే "ఈ స్థానం మీద ప్రకృతి ఎంపిక ఒత్తిడి గట్టిగా ఉంది" అనిపిస్తుంది. అసలు సంగతి వేరు. అప్పట్లో ఎక్కువ ల్యాబులు వాడిన ఆర్టిక్ మూడో వెర్షన్ ప్రైమర్లలో (జీనోమ్‌ను ముక్కలుగా కాపీ చేయడానికి దానికి అతుక్కునే చిన్న డీఎన్ఏ తునకలు) 72వ ముక్కను కాపీ చేసే ప్రైమర్ డెల్టాకు సరిగ్గా అతుక్కునేది కాదు. ఆ ముక్క పెరగకపోతే కొందరి డేటాలో ఎన్‌లు వచ్చాయి, కొందరి డేటాలో రిఫరెన్స్ అక్షరం వచ్చి కూర్చుంది. పుట్టి పోయింది మ్యుటేషన్ కాదు, సిగ్నల్. అందుకే ఏ స్థానం వింతగా ప్రవర్తించినా, ముందు ఏ ల్యాబు, ఏ ప్రైమర్ సెట్టు అన్న కాలమ్ పక్కన పెట్టి చూడండి.

4. మ్యుటేషన్ పేరు చదవడం

నెక్స్ట్‌క్లేడ్ ఫలితాలను టీఎస్వీగా దించుకోండి. అందులో అక్షర మార్పుల కాలమ్ ఒకటి, అమైనో ఆమ్ల మార్పుల కాలమ్ ఒకటి ఉంటాయి. టి22882జి అంటే 22,882వ స్థానంలో టి పోయి జి వచ్చింది. అదే ఎన్440కె ఎలా అవుతుందో చేత్తో ఒక్కసారి లెక్కేసుకోండి. స్పైక్ జన్యువు 21,563వ అక్షరం దగ్గర మొదలవుతుంది. మూడు అక్షరాలకు ఒక అమైనో ఆమ్లం. 439 అమైనో ఆమ్లాలకు 1,317 అక్షరాలు పోతే, 440వ కోడాన్ 22,880 దగ్గర మొదలవుతుంది. రిఫరెన్స్‌లో అక్కడ ఉన్నది ఎ, ఎ, టి: ఆస్పరాజిన్ (అమైనో ఆమ్లాల్లో దీని గుర్తు ఎన్). మూడోది జి అయితే ఎ, ఎ, జి: లైసిన్ (గుర్తు కె). ఇదే పద్ధతిలో డి614జి 23,403 దగ్గర, ఎన్501వై 23,063 దగ్గర వస్తాయో లేదో చూసుకోండి. ఈ లెక్క ఒకసారి చేతికి వచ్చిందంటే మీ ప్రోగ్రామ్ తప్పు సమాధానం ఇచ్చినప్పుడు వెంటనే పసిగడతారు.

5. వాటా లెక్కించడం

నెక్స్ట్‌క్లేడ్ ఇచ్చే అలైన్ చేసిన ఫాస్టా ఫైల్‌లో ప్రతి జన్యుక్రమం సరిగ్గా 29,903 అక్షరాలే ఉంటుంది. అదనంగా చొరబడిన అక్షరాలను పక్కన పెట్టేస్తుంది కాబట్టి స్థానాలు కదలవు. పైథాన్‌లో ప్రతి వరుస నుంచి 22,882వ అక్షరం తీయండి. పైథాన్ సున్నా నుంచి లెక్కపెడుతుంది కనుక ఇండెక్స్ 22,881 అవుతుంది. టి వస్తే పాతది, జి వస్తే ఎన్440కె, ఎన్ వస్తే తెలియదు.

ఆ "తెలియదు"ను "లేదు" కింద కలపకండి. వంద శాంపిళ్లలో 20 జి, 40 టి, 40 ఎన్ ఉంటే వాటా 20 శాతం కాదు, 60లో 20, అంటే 33 శాతం. మ్యుటేషన్ల జాబితాలో పేరు లేదు కదా అని లేనట్టు లెక్కేసే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి.

శాంపిళ్లు తక్కువగా ఉన్నప్పుడు అంచనా అవధి కూడా రాయండి. పదింట మూడు అంటే 30 శాతం అని రాసేస్తాం. కానీ విల్సన్ పద్ధతిలో 95 శాతం అవధి వేస్తే అది సుమారు 11 నుంచి 60 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఈ ఒక్క గీత గ్రాఫ్ మీద గీస్తే సగం హెడ్‌లైన్లు పుట్టేవే కావు.

నెలలవారీ వాటాలు వేశాక, ఏ మ్యుటేషన్లు కలిసి వస్తున్నాయో చూడాలనిపిస్తుంది. చూడండి, కానీ డి614జి ఉచ్చులో పడకండి. 2020 మధ్య నుంచి దాదాపు అన్ని వైరస్‌లలో అది ఉంది కాబట్టి ప్రతి మ్యుటేషనూ దానితో "కలిసే" ఉంటుంది. డి614జి మొదటి నుంచీ మరో మూడు మార్పులను వెంటేసుకుని తిరిగింది: సి241టి, సి3037టి, సి14408టి. స్పైక్‌ను మార్చేది ఒక్కటే, మిగతావి దాని బండెక్కి వచ్చినవి. కలిసి ఉండటం చూసి కలిసి పనిచేస్తున్నాయని చెప్పలేం. ఒకదాని తర్వాత ఒకటి, వేర్వేరు కొమ్మల మీద, మళ్లీ మళ్లీ జతగా పుడితే అప్పుడు మాట్లాడుకోవచ్చు. దానికి చెట్టు కావాలి.

6. చెట్టు మీద రంగు వేసి చూడటం

మొదట సులువైన దారి. నెక్స్ట్‌క్లేడ్‌లోనే ట్రీ అనే ట్యాబ్ ఉంది. అందులో మీ శాంపిళ్లు ముందే కట్టి ఉన్న వంశవృక్షం మీద ఎక్కడెక్కడ కూర్చున్నాయో కనిపిస్తుంది. రంగుల మెనూలో జీనోటైప్ ఎంచుకుని, స్పైక్ 440 అని ఇవ్వండి. ఇప్పుడు కళ్లతో చూడండి. ఒకే రంగు ఒక పెద్ద గుత్తిగా ఉందా, చెట్టంతా చుక్కలు చల్లినట్టు ఉందా? 2021 వసంతానికి ముందున్న మన డేటాలో ఎన్440కె ఎక్కువ భాగం బి.1.36 కుటుంబం దగ్గరే గుత్తిగా కనబడుతుంది. అంటే ఒక కుటుంబం ఒక ప్రాంతంలో బాగా వ్యాపించింది. ఇప్పుడు స్పైక్ 484 ఇచ్చి ప్రపంచ డేటా చూడండి. ఇ484కె దక్షిణాఫ్రికాలో మొదట గుర్తించిన బీటాలో ఉంది, బ్రెజిల్ గామాలో ఉంది, బ్రిటన్‌లో కొన్ని ఆల్ఫా శాంపిళ్లలోనూ కనిపించింది. సంబంధం లేని కొమ్మల మీద అదే మార్పు. రెండు రంగుల పటాల మధ్య తేడా ఒకసారి చూస్తే ఇక మర్చిపోరు.

నెక్స్ట్‌క్లేడ్ చెట్టు చూడటానికి మాత్రమే, దాని మీద లెక్కపెట్టకండి. ఒక్కో శాంపిల్‌ను త్వరగా దగ్గరి కొమ్మకు తగిలించే పద్ధతి అది. లెక్క కోసం సొంత చెట్టు కట్టాలి. కొన్ని వందల శాంపిళ్లయితే, అలైన్ చేసిన ఫైల్‌ను ఐక్యూ-ట్రీ ప్రోగ్రామ్‌కు ఇచ్చి జీటీఆర్ మోడల్‌తో (ఏ అక్షరం దేనిగా ఎంత తరచుగా మారుతుందో చెప్పే లెక్క) నడపండి. ల్యాప్‌టాప్‌లో పని ముగుస్తుంది. వేలల్లో ఉంటే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటాక్రూజ్ వాళ్ల అషర్ టూల్ వాడండి. లక్షలాది జన్యుక్రమాల చెట్టు మీద మీ శాంపిళ్లను కూర్చోబెట్టి ఇస్తుంది. ఈ వైరస్ సగటున నెలకు రెండు మ్యుటేషన్లే పోగేసుకుంటుంది కాబట్టి, దగ్గరి శాంపిళ్ల మధ్య ఒకటి రెండు అక్షరాల తేడానే ఉంటుంది. చిన్న కొమ్మల అమరిక మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోకండి.

7. ఎన్నిసార్లు విడివిడిగా పుట్టింది?

ఇదే మన పనిలో గుండెకాయ. ట్రీటైమ్ అనే టూల్‌లో హోమోప్లసీ (ఒకే మార్పు వేర్వేరు చోట్ల విడిగా పుట్టడం) అనే కమాండ్ ఉంది. చెట్టునూ అలైన్‌మెంట్‌నూ ఇస్తే, ఒక్కో మ్యుటేషన్ ఎన్ని కొమ్మల మీద స్వతంత్రంగా పుట్టిందో జాబితా ఇస్తుంది. ఆ జాబితాలో పైన ఉన్నవి మీ అభ్యర్థులు.

ఉదాహరణకు ఊహించిన అంకెలతో చెబుతాను. ఒక మ్యుటేషన్ 400 శాంపిళ్లలో 120 చోట్ల ఉంది, కానీ పుట్టింది ఒక్క కొమ్మ మీదే. ఇంకొకటి 40 చోట్లే ఉంది, కానీ ఎనిమిది కొమ్మల మీద విడివిడిగా పుట్టింది. మీ సమయం రెండోదాని మీద పెట్టండి.

అయితే పైనున్న ప్రతిదీ ముఖ్యమైనది కాదు. ఈ వైరస్‌లో సి నుంచి టి మార్పులు మిగతావాటికంటే చాలా ఎక్కువ జరుగుతాయి. మన కణాల్లోని అపోబెక్ ఎంజైములు వైరస్ ఆర్ఎన్ఏను కెలకడమే ఇందుకు కారణమని భావిస్తున్నారు. కాబట్టి సి నుంచి టి మార్పు పదిసార్లు పుట్టడం పెద్ద విశేషం కాదు. టి నుంచి జి చాలా అరుదు. అది నాలుగైదు సార్లు పుట్టినా ఆగి చూడాలి. అందుకే మార్పు రకాలవారీగా విడదీసి, అమైనో ఆమ్లం మారని స్థానాల్లో ఆ రకం మార్పు సగటున ఎన్నిసార్లు పుడుతోందో మీ డేటాలోనే లెక్కేయండి. దాంతో పోల్చి, ఆశించినదానికంటే ఎన్ని రెట్లు ఎక్కువో చూడండి. వట్టి సంఖ్యకంటే ఈ నిష్పత్తి ఎంతో నిజాయితీగా మాట్లాడుతుంది.

ఈ జల్లెడ పట్టాక ఏం మిగులుతుందో చూడండి. ఎన్440కె తెచ్చే టి22882జి ఆ అరుదైన రకమే. ఎల్452ఆర్ తెచ్చే టి22917జి కూడా అంతే. ఆ ఎల్452ఆర్ కాలిఫోర్నియా ఎప్సిలాన్‌లో, మన దేశంలో బయటపడ్డ డెల్టా, కప్పాల్లో, తర్వాత ఒమిక్రాన్ బీఏ.4, బీఏ.5లలో కనిపించింది. స్పైక్ 681వ స్థానంలో డెల్టాకు ఆర్, ఆల్ఫాకూ ఒమిక్రాన్‌కూ హెచ్. ఒకే స్థానాన్ని వేర్వేరు వంశాలు మళ్లీ మళ్లీ తట్టి చూస్తున్నాయంటే, ఆ స్థానంలో వైరస్‌కు ఏదో లాభం ఉందన్నమాట.

గణాంక పరీక్ష కూడా కావాలంటే డేటామంకీ వెబ్‌సైట్‌లో హైఫై పద్ధతులున్నాయి. ఎప్పుడూ ఉండే ఒత్తిడికి ఫ్యూబార్, కొన్ని కొమ్మల మీద మాత్రమే వచ్చి పోయే ఒత్తిడికి మీమ్. ఒకేలా ఉన్న జన్యుక్రమాలను ముందే తీసేసి, స్పైక్ ఒక్కటి కోడాన్ల ప్రకారం పేర్చి ఇవ్వండి. కొమ్మల చివర్లను వదిలి లోపలి కొమ్మల మీదే పరీక్షించండి. చివర్లలో ఇంకా ఏరివేతకు గురికాని చెడ్డ మ్యుటేషన్లు బోలెడు ఉంటాయి, అవి ఫలితాన్ని ఉబ్బిస్తాయి.

8. కొమ్మ పెరుగుతోందా?

ఇప్పుడు ఏపీ స్ట్రెయిన్ ప్రశ్నకు నేరుగా వద్దాం. ఒకే రాష్ట్రం తీసుకుని, వారంవారం ఒక వంశం వాటా పి అనుకోండి. పి ని మిగిలిన వాటాతో భాగించి, సహజ లాగరిథమ్ తీయండి. ఒక వేరియంట్‌కు స్థిరమైన ఆధిక్యం ఉంటే ఈ విలువలు సరళరేఖ మీద పడతాయి. ఎక్సెల్‌లో స్లోప్ ఫంక్షన్ చాలు.

వాటా 21 రోజుల్లో 10 నుంచి 50 శాతానికి వెళ్లిందనుకుందాం. మొదటి విలువ సుమారు −2.2, రెండోది సున్నా. రోజుకు 0.105 వాలు. అదే వేగం ఉంటే 50 నుంచి 90కి ఎక్కడానికి మళ్లీ 21 రోజులే. మామూలు శాతాల గ్రాఫ్‌లో వంకరగా కనిపించేది ఇక్కడ తిన్నగా కనిపిస్తుంది, ముందుచూపు వస్తుంది.

2021 మార్చి నుంచి మే వరకు బి.1.36 కుటుంబానికి ఒక గీత, బి.1.617 కుటుంబానికి ఒక గీత వేయండి. ఒకటి కిందికి దిగుతుంటే ఇంకొకటి పైకి ఎక్కుతుంది. ఎన్440కె ఎంత ఉంది అన్న ఒక్క నెల అంకె చూసినవాళ్లు భయపడ్డారు. వాలు చూసినవాళ్లకు అసలు ముప్పు ఎటు నుంచి వస్తోందో అర్థమైంది.

వాటా పెరగడం వేరు, కేసులు పెరగడం వేరు. మొత్తం కేసులు పడిపోతున్నప్పుడు కూడా ఒక వేరియంట్ వాటా పెరగొచ్చు. గ్రాఫ్ పక్కనే మొత్తం కేసుల గ్రాఫ్ కూడా పెట్టండి.

9. మెషీన్ లెర్నింగ్ వాడాలనుకుంటే

వాడండి, కానీ ఇది ఆఖరి మెట్టు. మ్యుటేషన్ల పట్టికను పీసీఏకి (పెద్ద పట్టికను రెండు మూడు అక్షాలకు కుదించే పద్ధతి) ఇస్తే అందమైన గుంపులు వస్తాయి. వాటికి తేదీ రంగు వేసి చూడండి, లీనియేజ్ (వంశం) రంగు వేసి చూడండి. చాలాసార్లు ఆ గుంపులు మీకు ముందే తెలిసిన కుటుంబాలే. కొత్తగా ఏమీ కనుక్కోలేదన్నమాట.

ఏదైనా అంచనా వేసే మోడల్ కడితే, డేటాను యాదృచ్ఛికంగా ట్రైనింగ్, టెస్ట్ అని విడదీయకండి. దాదాపు ఒకేలా ఉన్న జన్యుక్రమాలు రెండు వైపులా పడి, 99 శాతం కచ్చితత్వం వచ్చేస్తుంది. దానికి విలువ లేదు. ఒక తేదీ వరకు నేర్పించి, ఆ తర్వాతి డేటా మీద పరీక్షించండి. లేదా ఒక వంశాన్ని మొత్తంగా దాచిపెట్టి దాని మీద పరీక్షించండి. ప్రోటీన్ అక్షరాలను భాషలా చదివే మోడళ్లతో యాంటీబాడీల నుంచి తప్పించుకునే మార్పులను ఊహించవచ్చని ఎంఐటీ పరిశోధకులు 2021లో చూపించారు. మంచి దారి అది. అయితే అలాంటి మోడల్ ఇచ్చిన స్కోరును ఏడో మెట్టులోని స్వతంత్ర పుట్టుకల సంఖ్యతో పక్కపక్కన పెట్టి చూస్తేనే దాని బలం తెలుస్తుంది.

ఒక్కోసారి చెట్టే తప్పు దారి పట్టిస్తుంది. రెండు వేరియంట్లు ఒకే మనిషిలో కలిసి ముక్కలు మార్చుకుంటే సంకర వైరస్ పుడుతుంది. 2022లో వచ్చిన ఎక్స్‌బీబీ అలా ఒమిక్రాన్ బీఏ.2 సంతతికి చెందిన బీజే.1, బీఎం.1.1.1 కలిసి పుట్టిందే. జీనోమ్ మొదటి భాగం ఒక వంశం మ్యుటేషన్లతో, రెండో భాగం ఇంకో వంశం మ్యుటేషన్లతో కనిపిస్తే, అలాంటివాటిని హోమోప్లసీ లెక్కలోంచి విడిగా తీసి పెట్టండి. లేకపోతే ఒక్క కలయిక పది స్వతంత్ర పుట్టుకల్లా లెక్కలోకి వస్తుంది.

10. ఫలితం రాసేటప్పుడు

జన్యుక్రమం చూసి వ్యాధి తీవ్రత చెప్పకండి. ఎన్440కె వైరస్ ల్యాబ్‌లో కణాల మీద ఎక్కువగా పెరిగిందన్న అధ్యయనం నిజంగానే ఉంది. ఆ గిన్నెలోని ఫలితాన్ని మనుషుల మీద "15 రెట్లు ప్రమాదం"గా మార్చినచోటే తప్పు జరిగింది, దాని భారం రెండు రాష్ట్రాల ప్రయాణికుల మీద పడింది. మీ దగ్గర ఉన్నది వాటా, వాలు, పుట్టుకల సంఖ్య. వాటినే రాయండి.

తక్కువ చేసి కూడా రాయకండి. 2020లోనే సీ135 అనే యాంటీబాడీ సమక్షంలో వైరస్‌ను పెంచిన ప్రయోగంలో 440వ స్థానం తప్పించుకునే దారిగా బయటపడింది. 2021 నవంబరులో ఒమిక్రాన్ వచ్చినప్పుడు బీఏ.1లోనూ బీఏ.2లోనూ ఎన్440కె ఉంది, పూర్తిగా వేరే వంశం మీద. అంటే 2021 మేలో సరైన వాక్యం ఇలా ఉండాలి: "ఈ మ్యుటేషన్ ఉన్న బి.1.36 కుటుంబం తగ్గుతోంది, 440వ స్థానం మీద మాత్రం కన్నేసి ఉంచాలి." రెండు భాగాలూ ఒకే వాక్యంలో ఉండాలి. ఏది వదిలేసినా చదివేవాళ్లు తప్పుగా అర్థం చేసుకుంటారు.

నివేదికతో పాటు ఒక చిన్న ఫైల్ భద్రపరచండి. అందులో డేటా దించిన తేదీ, ప్రతి శాంపిల్ యాక్సెషన్ నంబర్ (డేటాబేస్‌లో దాని గుర్తింపు సంఖ్య), నెక్స్ట్‌క్లేడ్ డేటాసెట్ వెర్షన్, ఏయే స్థానాలు కప్పేశారు, ఎన్ని శాంపిళ్లు ఏ కారణంతో తీసేశారు అన్నవి ఉండాలి. పాంగో పేర్లు (బి.1.36 లాంటి వంశాల పేర్లు) నిలకడగా ఉండవు. 2021 ఏప్రిల్‌లో బి.1.617.2 అని పేరున్న శాంపిల్‌కే ఆ ఏడాది చివరికి ఏవై తో మొదలయ్యే పేరు వచ్చి ఉండొచ్చు. వెర్షన్ రాసి ఉంటే, ఆరు నెలల తర్వాత మీ గ్రాఫ్‌లో అంకె ఎందుకు మారిందో వెతుక్కుంటూ కూర్చోవాల్సిన టెన్షన్ ఉండదు.